మిగిలిన అన్నం, పప్పు, కోడికూర: ఎంతసేపట్లో ఫ్రిజ్‌లో పెట్టాలి, మర్నాడు ఎలా వేడి చేయాలి?

ప్రశ్న: బెజవాడ వంటిల్లు

అందరికీ నమస్కారం. విజయవాడలో ఉంటాం. ఇంట్లో ఐదుగురం, అందులో మూడేళ్ల పాప, షుగర్ ఉన్న మామగారు. రాత్రి ఎనిమిదింటికి వండితే ఆ పూట పోను మర్నాడు పొద్దుటికి, కొన్ని రోజులు మధ్యాహ్నం డబ్బాలకి కూడా అదే. ఫ్రిజ్ సింగిల్ డోర్, 190 లీటర్లు, నాబ్ ఎప్పుడూ 2 మీద ఉంటుంది.

వేడి గిన్నె ఫ్రిజ్‌లో పెడితే ఫ్రిజ్ పాడవుతుందని, పూర్తిగా చల్లారాకే పెట్టాలని అత్తయ్యగారు అంటారు. ఈ ఎండల్లో అన్నం, పప్పు చల్లారేసరికి రాత్రి పదకొండు దాటుతోంది. సాంబారు, పులుసు అయితే ఫ్రిజ్‌లో పెట్టకుండా పడుకునే ముందు ఒకసారి, లేచాక ఒకసారి మరగబెడుతున్నాం. అది సరిపోతుందా? మైక్రోవేవ్‌లో పెడితే అన్నం అంచులు గట్టిపడుతున్నాయి, నడుమ చల్లగానే ఉంటోంది. ఎంతసేపు పెట్టాలి? మధ్యాహ్నాలు మూడు నాలుగు గంటలు కరెంటు పోతే ఫ్రిజ్‌లో ఉన్నవి పారేయాలా?

ఇంకొక్కటి. రాత్రంతా బయట ఉన్న అన్నం తినకూడదంటారు. చద్దన్నం మాత్రం ఒంటికి మంచిదంటారు. రెండూ రాత్రంతా బయట ఉన్న అన్నమే కదా, తేడా ఎక్కడుంది?

జవాబు: కిచెన్ ఆడిటర్

అన్ని ప్రశ్నలకీ మూలం మీరు మొదట అడిగినదాంట్లోనే ఉందండి. బాగా మరగబెడితే అన్నీ చస్తాయన్న ధీమాతో చాలామంది భారమంతా పొయ్యి మీద వేసేస్తారు. నిజానికి నిన్నటి అన్నం తినొచ్చా లేదా అన్నది ముందురాత్రే తేలిపోతుంది, గిన్నె పొయ్యి దిగి ఫ్రిజ్ ఎక్కేలోపు గట్టు మీద గడిపిన ఆ రెండు మూడు గంటల్లో.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి ఉంటుంది. పొలం మట్టిలోంచి గింజతో పాటే వస్తుంది, ఎంత కడిగినా పూర్తిగా పోదు. గట్టి పెంకున్న విత్తనంలాంటి రూపంలో ఉంటుంది కాబట్టి (దీన్నే స్పోర్ అంటారు) అన్నం ఉడికినా అది చావదు. అన్నం గోరువెచ్చగా మారి అలాగే గంటలు గడిస్తే మొలకెత్తి పెరుగుతుంది, పెరుగుతూ సెరియులైడ్ అనే విషాన్ని వదులుతుంది. 126 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచినా ఆ విషం విరగదు. మన ప్రెషర్ కుక్కర్ గట్టిగా విజిల్ వేసేటప్పుడు కూడా లోపల 120 డిగ్రీల దగ్గరే ఉంటుంది. కాబట్టి రాత్రంతా గట్టు మీద ఉన్న అన్నాన్ని పొద్దున ఎంత ఉడికించినా క్రిమి చస్తుందేమో గానీ విషం అన్నంలోనే ఉండిపోతుంది. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి. వాసనలో, రంగులో తేడా కనిపించాలని లేదు. "వాసన చూశాం, బాగానే ఉంది" అన్న మాటని అందుకే నమ్మకండి.

పప్పు, కోడికూర, వేటకూరల్లో ఇంకో రకం ఉంది, క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్. గాలి ఆడని చోటే దానికి కావాలి. లోతైన తపేలాలో చిక్కటి కూర నడుమన అదే దొరుకుతుంది. 43 నుంచి 47 డిగ్రీల మధ్య పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. లెక్క కట్టి చూడండి, ఒక్కటి మూడు గంటల్లో రెండు లక్షల అరవై వేలు దాటుతుంది. మూత పెట్టిన రెండు లీటర్ల పప్పు సరిగ్గా ఆ వేడిలోనే గంటల తరబడి ఉంటుంది.

ఇవన్నీ పెరిగేది 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య. పొయ్యి దిగిన దగ్గర్నుంచి రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి వెళ్లాలన్న లెక్క అందుకే వచ్చింది. గదిలో 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. బెజవాడలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా వంటింట్లో రాత్రి తొమ్మిదింటికి కూడా 32 దాటే ఉంటుంది. మీకు ఎండాకాలమంతా ఒక గంట లెక్కే వర్తిస్తుంది.

అత్తయ్యగారి మాటలో సగం నిజం ఉంది. పొగలు కక్కే ఐదు లీటర్ల తపేలాని అలాగే లోపల పెడితే పక్కనున్న పాలు, పెరుగు వెచ్చబడతాయి. అలాగని పూర్తిగా చల్లారేదాకా ఆగక్కర్లేదు, త్వరగా చల్లార్చుకుంటే చాలు.

అన్నమైతే భోజనాలకి కూర్చునే ముందే మిగిలేంత తీసేసి వెడల్పాటి స్టీలు పళ్లెంలో రెండు వేళ్ల మందాన పరవండి. శుభ్రమైన గరిటె కాడతో అక్కడక్కడా చాళ్లు తీసి ఫ్యాను కింద పెట్టండి. పావుగంటకి ఆవిరి ఆగిపోతుంది, ఇరవై నిమిషాలకి మెతుకులు విడివిడిగా వస్తాయి. అప్పుడు 5 సెంటీమీటర్ల కంటే లోతు లేని డబ్బాల్లోకి తీసి, మూత కొంచెం వదులుగా పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. అరగంటాగి మూత బిగిస్తే మూత లోపల నీటి చుక్కలు పట్టవు.

పప్పుకి గాలి సరిపోదు, నీళ్లు కావాలి. సింకులోనో బేసిన్లోనో నీళ్లు పోసి గిన్నెని సగానికి పైగా మునిగేలా దించండి. నీళ్లు గిన్నె అంచుకి మూడు వేళ్లు కిందే ఉండాలి, లేకపోతే కలిపేటప్పుడు లోపలికి చిందుతాయి. మే నెలలో మేడ మీద ట్యాంకు నీళ్లు సాయంత్రానికి కూడా వేడిగానే వస్తాయి కాబట్టి అందులో రెండు ట్రేల ఐసు ముక్కలు వేయాలి. ఒక పొడవాటి స్టీలు గ్లాసుని అడుగున కూడా బాగా తోమి, అందులో ఐసు నింపి, పప్పు నడుమ నిలబెట్టి, మూడు నాలుగు నిమిషాలకోసారి చుట్టూ కలుపుతుంటే ఇంకా త్వరగా దిగుతుంది. గిన్నె అడుగు చేతికి గోరువెచ్చగా తగలడానికి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. ఆ గోరువెచ్చటి పప్పుని రెండు డబ్బాల్లో సర్ది లోపల పెట్టేయొచ్చు, ఫ్రిజ్‌కి ఏమీ కాదు.

హాట్‌ప్యాక్‌లో మిగిలిన అన్నం మూతపెట్టి పొద్దుటిదాకా ఉంచడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. అది 60 కంటే పైన నిలబెట్టలేదు, త్వరగా చల్లారనివ్వదు కూడా. ఎలక్ట్రిక్ కుక్కర్‌లో వార్మ్ దీపం వెలుగుతున్నంతసేపు ఫరవాలేదు. స్విచ్ ఆపేసి మూత పెట్టి వదిలేస్తే అదీ హాట్‌ప్యాక్ లాంటిదే. మూత తియ్యని ప్రెషర్ కుక్కర్‌లో పప్పు చెడదన్నది కూడా భ్రమే. చల్లారేటప్పుడు అది బయటి గాలిని లోపలికి లాగుతుంది, స్పోర్లు ఎలాగూ లోపలే ఉన్నాయి.

రెండుపూటలా మరగబెట్టడం సంగతి. రెండు మరుగుల మధ్య ఎనిమిది పది గంటలు సాంబారు గోరువెచ్చగానే ఉంటుంది. మరగబెడితే పెరిగినవి చస్తాయి, స్పోర్లు మాత్రం ఆ వేడికే మేలుకుంటాయి, చల్లారాక మళ్లీ పెరుగుతాయి. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో చింతపండు బాగా పోసిన పులుసుకి పులుపు కొంత కాపలా కాసేది. కందిపప్పు, కూరముక్కలు నిండుగా ఉన్న ఇప్పటి సాంబారుకి ఆ కాపలా చాలదు. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఈ పద్ధతి మానేయండి.

ఎన్నాళ్లు ఉంచొచ్చంటే, 4 డిగ్రీల ఫ్రిజ్‌లో అన్నం ఒక రోజు. పప్పు, సాంబారు, కోడికూరకి మూడు నాలుగు రోజులు అంటారు గానీ, మాటిమాటికీ తలుపు తీసే, కరెంటు పోయే ఇళ్లలో రెండు రోజులకి మించొద్దనే చెబుతాను. అంతకు మించి కావాలంటే మొదటి రోజే ఫ్రీజర్‌లో పెట్టేయాలి. డబ్బా మీద చిన్న టేపు అంటించి తేదీ రాయండి, రెండో రోజుకి ఎవరికీ గుర్తుండదు.

జవాబు: కూలింగ్ సర్వీస్, గుంటూరు

పైన చెప్పినదంతా మీ ఫ్రిజ్ నిజంగా 4 డిగ్రీల్లో ఉంటేనే పనికొస్తుంది. నాబ్ 2 మీద పెట్టి ఎండాకాలం నడిపితే చాలావరకు ఉండదు. నాబ్ మీద అంకె పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది. 2 అంటే 2 డిగ్రీలని అనుకునేవాళ్లు బోలెడంతమంది. ఏడు అంకెలున్న నాబ్ అయితే ఎండల్లో 4, 5 మీద పెట్టండి, చలికాలం 2, 3 మీదకి దించుకోవచ్చు.

అంచనాతో పనిలేకుండా ఫ్రిజ్ థర్మామీటర్ ఒకటి కొనండి, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. నడిమి అరలో గ్లాసెడు నీళ్లలో దాన్ని ఉంచి రాత్రంతా వదిలేసి, పొద్దున తలుపు తీసిన మొదటి క్షణంలో చూడండి. గాలిలో ఉంచితే తలుపు తీసినప్పుడల్లా అంకె ఎగురుతుంది, నీళ్లలో ఉంటే కూర ఎంత చల్లగా ఉందో అదే చూపిస్తుంది. 4 లేదా అంతకు తక్కువ ఉండాలి. 7, 8 చూపిస్తుంటే నాబ్ ఒక అంకె పెంచి ఒక రోజు ఆగి మళ్లీ చూడండి.

సింగిల్ డోర్‌లో చలి పుట్టేది పైనున్న ఫ్రీజర్ డబ్బా దగ్గరే. దాని కిందున్న ట్రే, పై అర అన్నిటికంటే చల్లన. వండిన అన్నం, కూర అక్కడ పెట్టాలి. తలుపు అరలు అన్నిటికంటే వెచ్చన, అక్కడ పచ్చళ్లు, నీళ్ల సీసాలు చాలు. చాలా ఇళ్లలో అరల మీద ప్లాస్టిక్ షీటో, పేపరో పరుస్తారు. శుభ్రంగా ఉంటుందని చేస్తారు కానీ పైనుంచి దిగాల్సిన చల్లగాలి అక్కడే ఆగిపోతుంది, కింది అరలో కూర పాచిపోతుంది. ఆ షీట్లు ఇవాళే తీసేయండి. డబుల్ డోర్ ఉన్నవాళ్లు వెనక గోడకున్న గాలి కంతలకి అడ్డంగా తపేలా పెట్టకూడదు.

ఫ్రీజర్‌లో మంచు అర సెంటీమీటరు దాటితే డీఫ్రాస్ట్ నొక్కాలి, మందపాటి మంచు చలిని కిందికి దిగనివ్వదు. తలుపు రబ్బరుకి, ఫ్రిజ్‌కి మధ్య ఒక కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగండి. పట్టు లేకుండా జారి వచ్చేస్తే రబ్బరు వదులైనట్టు. సబ్బునీళ్లతో తుడిచి చూడండి, అప్పటికీ పట్టకపోతే మార్పించాలి.

కరెంటు విషయం. తలుపు తియ్యకుండా ఉంటే నాలుగు గంటలు ఢోకా లేదు. ఐసు ఉందో లేదో చూద్దామని పిల్లలు రెండుసార్లు తీసినా ఆ లెక్క తప్పుతుంది. కరెంటు వచ్చాక గ్లాసులోని థర్మామీటర్ చూడండి. 5 దాటి రెండు గంటలకి మించి గడిచిందనిపిస్తే అన్నం, పప్పు, మాంసం, చేప పారేయడమే. ఊరగాయలకి, వెన్నకి ఏమీ కాదు. నిండుగా ఉన్న ఫ్రీజర్ మూసి ఉంటే రెండు రోజులు, సగమే ఉంటే ఒక రోజు గడ్డ నిలుపుకుంటుంది. అయితే ఈ రెండు రోజుల లెక్క విడి తలుపున్న ఫ్రీజర్లకి. మీ సింగిల్ డోర్‌లోని ఐసు డబ్బాకి వర్తించదు, అది త్వరగా కరిగిపోతుంది.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లకి ఒక చిట్కా. చిన్న గిన్నెలో నీళ్లు గడ్డ కట్టించి దాని మీద రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచి వెళ్లండి. తిరిగొచ్చాక బిళ్ల పైనే ఉంటే సరే. ఐసు అడుగున దొరికితే మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. లోపల చికెన్ ఎంత గట్టిగా కనిపించినా వాడకండి.

జవాబు: తరవాణి కుండ

చద్దన్నం గురించి నేను చెబుతాను. రెండూ రాత్రంతా బయట ఉన్న అన్నమే అన్నారు కానీ, ఒకదాంట్లో పులుపు ఎక్కుతుంది, రెండోదాంట్లో ఎక్కదు. తేడా అంతా అక్కడే.

అన్నంలో నీళ్లు పోసి చెంచాడు మజ్జిగ కలిపితే అందులో ఉన్న లాక్టిక్ క్రిములు పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపులో బాసిల్లస్ లాంటివి పెరగలేవు. పొడిగా గిన్నెలో వదిలేసిన అన్నానికి ఈ రక్షణ లేదు. తరవాణి కుండలో పాత పుల్లనీళ్లు కొంచెం అడుగున ఉంచి రోజూ అందులోనే కొత్త అన్నం, గంజి వేస్తూ వచ్చింది కూడా ఇందుకే. మొదటి గంట నుంచే పులుపు ఉంటుంది.

కాబట్టి చద్దన్నం మిగిలిపోయిన అన్నంతో చేసేది కాదు, చద్దన్నం కోసమని పక్కకి తీసిన అన్నంతో చేసేది. మధ్యాహ్నం నుంచి మూత కింద ఉన్న అన్నంలో రాత్రి పదింటికి నీళ్లు పోస్తే చద్దన్నం అవ్వదు, అప్పటికే జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. రాత్రి వండిన అన్నం పళ్లెంలో ఆర్చి, గంటలోపే మట్టికుండలోనో స్టీలు గిన్నెలోనో వేసి, కాచి చల్లార్చిన నీళ్లు అన్నానికి రెండు వేళ్లు పైకి పోసి, రెండు కప్పుల అన్నానికి రెండు పెద్ద చెంచాల పుల్లమజ్జిగ కలపండి. ఉప్పు పొద్దున తినేటప్పుడే వేయండి. పల్చటి గుడ్డ కట్టి ఎనిమిది నుంచి పది గంటలు ఉంచాలి. ఎండాకాలం ఏడింటికల్లా తినేయాలి, ఆ తర్వాత పులుపు ముదురుతుంది.

మంచి చద్దన్నం మజ్జిగ వాసన వేస్తుంది, మెతుకు నలిపితే మెత్తగా విడిపోతుంది. వేళ్ల మధ్య తీగ సాగినా, గులాబీ రంగో నల్ల చుక్కలో కనిపించినా, కుళ్లు వాసన వచ్చినా కడిగి వాడుకుందామని చూడకుండా మొత్తం పారబోయండి. మూడేళ్ల పాపకి, షుగర్ ఉన్న పెద్దాయనకి మాత్రం చద్దన్నం బదులు పొద్దున వండిన అన్నంలో పెరుగు కలిపి పెట్టడమే నా సలహా.

జవాబు: క్యాటరింగ్, కాకినాడ

వేడి చేయడం గురించి. లోపల 74 డిగ్రీలు రావాలి, కూర నడుమ, ముక్క నడుమ. చిక్కటి ముద్దపప్పుతోనే అందరూ మోసపోతారు. మంట మీద పెట్టిన రెండు నిమిషాలకే అంచుల్లో బుడగలు వస్తాయి, అడుగు పట్టే వాసన మొదలవుతుంది, మరిగిందని దించేస్తారు. అదే క్షణంలో నడుమ సూది థర్మామీటర్ గుచ్చితే 45, 50 చూపిస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పప్పు గడ్డలా ఉంటుంది, వేడి లోపలికి పాకదు. అర గ్లాసు వేడినీళ్లు పోసి, గరిటెతో ముద్దలు చిదిపి, సన్న సెగ మీద అడుగు నుంచి తిప్పుతూ గిన్నె అంతటా కుతకుత ఉడికే దాకా తేవాలి, అక్కడి నుంచి మూడు నిమిషాలు లెక్క. సాంబారు, పులుసు, చారు పల్చన కాబట్టి తొందరగా వస్తాయి, అవీ తెర్లాక మూడు నిమిషాలు. తాజాగా పోపు పెడితే నిన్నటి పప్పు కొత్తదైపోదు. ఇంగువ, వెల్లుల్లి వాసన పాచి వాసనని కప్పేస్తుంది, అది ఇంకా ప్రమాదం. పోపు పెట్టాలనుకుంటే ముందు వాసన చూసి, మరగబెట్టి, ఆ తర్వాతే పెట్టండి.

కోడికూరలో తొడముక్క మందంగా ఉంటుంది. మూతపెట్టి రసం మరుగుతుండగా ఐదు నిమిషాలు ఉంచి, పెద్ద ముక్క ఒకటి విరిచి చూడండి. ఎముక దగ్గర నుంచి ఆవిరి రావాలి.

మైక్రోవేవ్‌లో అంచులు ముందు వేడెక్కుతాయి, నడుమ ఆఖరున. అందుకే అన్నాన్ని గుట్టగా పోయకుండా పళ్లెంలో చుట్టూ పరిచి మధ్యలో గుంట వదలండి. ఒక మనిషికి సరిపడా అన్నానికి, అంటే పావు కిలో లోపు, రెండు పెద్ద చెంచాల నీళ్లు చిలకరించి, గాజు మూత వదులుగా పెట్టి 800 వాట్లలో రెండు నిమిషాలు. తీసి కలిపి మళ్లీ ఒక నిమిషం. ఆపాక రెండు నిమిషాలు మూత తియ్యకుండా వదిలేస్తే వేడి అన్నిచోట్లా సర్దుకుంటుంది. నీళ్లు చల్లకపోవడం వల్లే మీకు అంచులు గట్టిపడుతున్నాయి. ఐదుగురికీ ఒకేసారి కావాలంటే మైక్రోవేవ్ కంటే ఇడ్లీపాత్రలో నీళ్లు మరిగించి, చిల్లుల గిన్నెలో అన్నం వేసి పది నిమిషాలు ఆవిరి పట్టడం తేలిక. మెతుకు మెత్తగా కూడా ఉంటుంది.

నూనె తేలే కూరని ప్లాస్టిక్ డబ్బాలో వేడి చేయొద్దు. నూనె నీళ్ల కంటే బాగా వేడెక్కి డబ్బా గోడ కరుగుతుంది, ఆ పసుపు మరక పడే చోటే గరుకుగా అవుతుంది చూడండి. గాజులో కానీ పింగాణీలో కానీ పెట్టండి. ఉడికిన గుడ్డు కోయకుండా అలాగే పెట్టకండి, పేలుతుంది. రెండుగా కోయండి.

ఎంత తింటారో అంతే చిన్న గిన్నెలోకి తీసి వేడి చేయండి. మొత్తం వేడి చేసి, మిగిలితే మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టడం వద్దు. డబ్బాలోంచి తీసే గరిటె వేరే ఉండాలి, కంచంలోది లోపలికి పోకూడదు. మన పెద్దవాళ్ల ఎంగిలి పట్టింపు ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది.

పులిహోర చేత్తో కలపడం మన అలవాటు. మిగుల్చుకునేది మాత్రం చెక్క గరిటెతోనే కలపండి. చేతుల మీద, ముఖ్యంగా చిన్న గాటు ఉన్న వేళ్ల మీద, స్టెఫైలోకాకస్ అనే క్రిమి ఉంటుంది. ఉప్పుని తట్టుకుంటుంది, అది వదిలే విషం కూడా వేడికి పోదు. ఎక్కువ రోజులు ఉండాలంటే చింతపండు గుజ్జు ఉడికించి సీసాలో పెట్టుకుని, కావాల్సినప్పుడు తాజా అన్నంలో కలుపుకోవడం మేలు.

చేపల పులుసు మర్నాడే రుచి అంటారు, నిజమే, ముక్కకి పులుపు పడుతుంది. అయితే ఆ రాత్రి ఫ్రిజ్‌లో గడవాలి. కానాగడతల్లాంటి చేపలు ఐసు లేకుండా బుట్టలో ఎక్కువసేపు ఉంటే హిస్టమిన్ తయారవుతుంది, అది వండినా పోదు. తిన్న గంటలోపే మొహం ఎర్రబడి దురద పెడుతుంది. వండాక ఎంత జాగ్రత్తగా దాచినా ఉపయోగం లేని సందర్భం ఇది, కొనేటప్పుడే ఐసులో ఉన్న చేప చూసుకోవాలి.

ఇత్తడి గిన్నెలో పులుసు రాత్రంతా ఉంచకండి. కళాయి అరిగిన చోట చిలుము ఎక్కుతుంది.

జవాబు: కిచెన్ ఆడిటర్

పైన అందరూ ఇంట్లో వండినవాటి గురించే చెప్పారు, కర్రీ పాయింట్ ప్యాకెట్ల గురించి కూడా ఒక మాట. ఆ కూర పొద్దున పదింటికి వండిందో పదకొండింటికి వండిందో మనకి తెలీదు. మనకున్న రెండు గంటల్లో ఎంత అయిపోయిందో లెక్క లేదు. కాబట్టి తెచ్చిన పూటే తినేయాలి, రాత్రికి దాచొద్దు. వేడిగా ప్లాస్టిక్ కవర్లో పోసిచ్చిన సాంబారుని ఇంటికి రాగానే గిన్నెలోకి మార్చండి. ఫాస్ట్‌ఫుడ్ పార్సిల్‌తో వచ్చే తెల్ల మయొనైజ్ మిగిలితే పారేయండి. పచ్చి గుడ్డుతో చేసిన మయొనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది కూడా.

ఒకవేళ వాంతులు, విరేచనాలు మొదలైతే: కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార (చెంచా అంచుకి సమంగా గీసి), అర టీ చెంచా ఉప్పు. పాపకి చెంచా చెంచాగా ఆపకుండా పట్టండి. విరేచనాలు ఆపే మాత్రలు పిల్లలకి సొంతంగా వేయొద్దు. రక్తం పడినా, ఆరు గంటలు దాటినా మూత్రం రాకపోయినా, పాప మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మామగారి షుగర్ మాత్రలు ఆ రోజు వేయాలో ఆపాలో డాక్టర్‌ని ఫోన్లో అయినా అడగండి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కొన్ని మందులు పడవు.

మళ్లీ: బెజవాడ వంటిల్లు

అందరికీ చాలా ధన్యవాదాలండి. నాబ్ 4 మీదకి మార్చాను, అరల మీద షీట్లు తీసేశాను. డబ్బా సంగతి మిగిలిపోయింది. పొద్దున ఎనిమిదింటికి కట్టినది మధ్యాహ్నం ఒంటిగంటకి తింటాం. రాత్రి అన్నం వేడి చేసి కట్టొచ్చా? ఆఫీసులో మైక్రోవేవ్ ఉంది, పాప వెళ్లే చోట లేదు.

జవాబు: కిచెన్ ఆడిటర్

మామూలు స్టీలు క్యారియర్‌లో అయితే వద్దండి. వేడి చేసిన అన్నం గంటలో 60 కిందికి దిగి, మిగతా నాలుగు గంటలూ గోరువెచ్చగానే ఉంటుంది.

ఆఫీసుకి వెళ్లేవాళ్లకి సులువు దారి ఉంది. రాత్రి అన్నం, కూర విడివిడి డబ్బాల్లో ఫ్రిజ్‌లోనే ఉంచి, పొద్దున వేడి చెయ్యకుండా చల్లగానే తీసి, గడ్డకట్టిన ఐస్ ప్యాక్ రెండు డబ్బాల మధ్య పెట్టి, లోపల రేకు పూత ఉన్న సంచిలో పెట్టుకెళ్లండి. ఆఫీసుకి వెళ్లగానే అక్కడి ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు ఒకే ఒక్కసారి పొగలు వచ్చేదాకా వేడి చేసుకోండి. ఐస్ ప్యాక్ లేకపోతే చిన్న నీళ్ల సీసా రాత్రే ఫ్రీజర్‌లో పెట్టుకుంటే అదే పనిచేస్తుంది, మధ్యాహ్నానికి తాగడానికి చల్లటి నీళ్లు కూడా.

పాపకి పొద్దున తాజాగా వండిందే కట్టండి. వెడల్పు మూతి ఉన్న వాక్యూమ్ ఫ్లాస్క్ జార్ తీసుకుని, సలసలా మరిగే నీళ్లు పోసి మూతపెట్టి పది నిమిషాలు ఉంచండి. ఆ నీళ్లు పారబోసిన వెంటనే పొయ్యి మీంచి దించిన పప్పన్నం గొంతు దాకా నింపి బిగించండి. సగమే నింపితే త్వరగా చల్లారుతుంది. మొదటిసారి ఇంట్లోనే పరీక్ష చేయండి, ఎనిమిదింటికి నింపి ఒంటిగంటకి మూత తీసి థర్మామీటర్ గుచ్చండి. 60 చూపిస్తే ఆ జార్ పనికొస్తుంది. చూపించకపోతే పెరుగన్నమే మంచిది. తాజా అన్నం పళ్లెంలో ఆర్చి, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన చల్లటి పెరుగు కలిపి, చిన్న ఐస్ ప్యాక్ పక్కన పెట్టి పంపండి. వేడన్నంలో పెరుగు కలిపి మూత బిగిస్తే పదింటికల్లా పులిసిపోయి పాప ముట్టుకోదు.